తిరిగొచ్చిన పెనం

బుట్ట గడప అవతలే ఉంది. దాన్ని లోపలికి తెచ్చేవాళ్లు లేరు. బయట పారేసేవాళ్లూ లేరు.

తేజేష్ దాన్ని మెట్లెక్కించి తెచ్చి, చెప్పుల పక్కన దించి, రెండు చేతులూ ప్యాంటుకి రుద్దుకున్నాడు. ఆ రుద్దుకోవడం శారదమ్మ చూసింది. మొన్నమొన్నటిదాకా ఈ ఇంటికొస్తే నేరుగా వంటింట్లోకి నడిచి గిన్నెల మూతలు ఎత్తి చూసేవాడు. అక్క అత్తగారిల్లన్న మొహమాటం ఉండేది కాదు. ఇవాళ కుర్చీ అంచున కూచున్నాడు. మంచినీళ్లిస్తే వద్దన్నాడు.

"కారు సందులో అడ్డంగా పెట్టానండి. ఎవరైనా హారన్ కొడితే తియ్యాలి."

"కొట్టినప్పుడు తీద్దువుతియ్," అన్నాడు మొగిలయ్య. టీవీ గొంతు నొక్కేశాడు గానీ బొమ్మ ఆపలేదు. మల్లాపూర్ ఫ్యాక్టరీలో రిటైరైన దగ్గర్నుంచీ ఆ బొమ్మ ముందే ఆయన డ్యూటీ.

శారదమ్మ వంటింటి తలుపుకి ఆనుకుని నిలబడింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

"ఏమన్నది మీ అమ్మ?"

"పంపించెయ్యమంది అత్తయ్యగారూ. విప్పను కూడా విప్పలేదు, ఎలా వచ్చింది అలాగే ఉందని చెప్పమంది." ఒప్పజెప్పిన పాఠంలా అన్నాడు. అని, గడప వైపు చూడకుండా, "అక్కని కూడా తీసుకురమ్మంది," అన్నాడు.

లోపలి గదిలో బ్యాగు జిప్పు లాగిన చప్పుడైంది. ముగ్గురూ విన్నారు. ముగ్గురూ విననట్టే ఉన్నారు.

"నాన్నకెట్లుంది?"

"పర్లేదండి. నిన్న ఇంటికి పంపేశారు. బీపీ పడిపోయిందట, కళ్లు తిరిగాయట. ఇంకేవో పరీక్షలు రాశారు." తేజేష్ ఫోను అరచేతిలో తిప్పాడు. "మీరు శనివారం వచ్చి వెళ్లారు. సోమవారం పొద్దున ఆయన పడిపోయారు. నేనేం అనట్లేదండి. అమ్మ అంటోంది."

"ఏమంటున్నది?"

"నల్ల నువ్వులు, నువ్వుల నూనె, ఇనుము. మూడూ ఒక్క బుట్టలో, అదీ శనివారం పూట. శనిదానం ఇచ్చేది గుళ్లో బ్రాహ్మణ్ణి చూసుకుని ఇస్తారు గానీ, కొత్తిల్లు చూడ్డానికొచ్చి వియ్యాలవారి చేతిలో పెడతారా అంటోంది."

మొగిలయ్యకి పౌరుషం వచ్చింది. "వండుకునే సామాను బాబూ అది. వండే మనిషికి వండేటియి ఇయ్యక, గోడ గడియారమిస్తరా?"

శారదమ్మ మొగుడి వైపు ఒక చూపు చూసింది. గోడ గడియారం కొందామన్నది ఆయనే.

ఆ బుట్ట కోసం ఆమె పడ్డ ఆలోచన ఆమెకే తెలుసు. నారపల్లిలో వియ్యంకులు కామరాజు, అరుణకుమారి ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేసుకుంటే, జ్వరంతో ఆ రోజు పోలేకపోయింది. తర్వాతైనా వట్టి చేతులతో పోతారా? చీరంటే వియ్యపురాలికి బీరువా నిండా ఉన్నాయి. స్వీటు డబ్బా తెల్లారేసరికి చీమలకి. అరుణకుమారి వంట ప్రాణం పెట్టి చేసే మనిషి. ఆమె పులుసు తిన్నరోజు శారదమ్మ ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. అంతటి చేతికి ఏమివ్వాలి? మసాలా పొడులు ఇవ్వకూడదు, ఎవరి మసాలా వాళ్లదే. పచ్చడి ఇస్తే నీకు రాదా అన్నట్టుంటుంది. షోకు సీసాలు అటక మీదికి పోతాయి. తనకెవరైనా ఇస్తే పొద్దున్నే పొయ్యి దగ్గర చెయ్యి దేనికోసం పోతుంది, అని ఆలోచించింది.

అప్పుడు తట్టింది పెనం. కొత్త ఇనుప పెనం ఎవరైనా కొనిస్తారు. దాని మీద మొదటి నెలంతా అట్టు ఊడి రాదు, ఇల్లాలి ఉసురు పోసుకుంటుంది. శారదమ్మ తన కోసం కొని తెచ్చి, చలికాలం నుంచీ నూనె రాసి, సన్న సెగన కాల్చి, ఉల్లిగడ్డ చెక్కతో రుద్ది రుద్ది నున్నగా చేసుకున్న పెనాన్ని ఇచ్చేసింది. దాని పక్కన ఉప్పల్‌లో కట్టె గానుగ దగ్గర నిలబడి పట్టించిన నూనె. ఒక పొట్లం నల్ల నువ్వులు. బస్తీలో ఏ కోడలి తల్లికీ ఇలాంటి బుట్ట పోలేదని లోపల్లోపల మురిసింది కూడా.

ఆ మురిపెం ఇప్పుడు చెప్పుల పక్కన కూచుంది.

రాజశ్రీ బ్యాగు తీసుకుని బయటికొచ్చింది. ఆఫీసుకి పోయేటప్పటి చుడీదారే. కళ్లు మాత్రం రెండు రోజులుగా నిద్ర లేని కళ్లు. బ్యాగు తమ్ముడి కుర్చీ పక్కన పెట్టింది. కూచోలేదు.

"అత్తయ్యా, వెళ్లే ముందు ఒక్కటి అడుగుతాను. తిన్నగా చెప్పండి."

"అడుగు బిడ్డా."

"మీ అబ్బాయికి ఏలినాటి శని నడుస్తోందని, నువ్వులూ నూనే ఇనుమూ దానం ఇమ్మని గుడి అయ్యగారు చెప్పారా, లేదా?"

మొగిలయ్య టీవీ రిమోటు కోసం అటూ ఇటూ తడిమాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

"చెప్పిండు," అంది శారదమ్మ.

"ఎప్పుడు?"

"ఉగాదికి ముంగట. మీ మామ, నేను, దయాకర్ పోయినం గుడికి. నువ్వు ఆఫీసుల ఉన్నవు."

"నాకు ఒక్క మాట చెప్పలేదు."

"చెప్పే మాటనా అది? నీ మొగనికి శని పట్టిందట అని నీకు జెప్పి, నిన్ను ఫికర్ల పడేసుడా? ఆయన చెప్పిండు, నేనిన్న, గుడి మెట్లు దిగి ఇడిసిపెట్టిన."

"దానం ఇచ్చారా?"

"ఇయ్యలే."

"గుళ్లో?"

"ఏడ ఇయ్యలే బిడ్డా. చెప్తలేనా."

"అంటే ఇవ్వాల్సిన దానం అలాగే ఉండిపోయింది. ఆ మూడే మా అమ్మ చేతికి వచ్చాయి." రాజశ్రీ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని శారదమ్మకి అనిపించింది. అరిచే కోడలికి జవాబు చెప్పొచ్చు. "నన్నేం అనుకోమంటారో మీరే చెప్పండి."

"నువ్వు ఏమనుకున్నవో ముఖం మీదనే ఉన్నది. చెప్పేదేమున్నది నేను."

"బుట్ట సర్దేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. మీరు ఉప్పు ప్యాకెట్టు పెట్టి మళ్లీ తీసేశారు. కారం డబ్బా కూడా. ఎందుకు తీస్తున్నారంటే, ఉప్పూ కారం చేతికివ్వొద్దు, పగలొస్తాయి అన్నారు. గుర్తుందా?"

"ఉన్నది."

"ఉప్పు గుర్తొచ్చిన మనిషికి ఇనుము గుర్తు రాలేదా అత్తయ్యా? నువ్వులు గుర్తు రాలేదా?"

శారదమ్మ మళ్లీ కొంగుకి చేతులు తుడుచుకుంది.

ఆ ప్రశ్న కోడలు కొత్తగా వేసింది కాదు. కామరాజు పడిపోయాడని తెలిసిన క్షణం నుంచీ తనకి తానే వేసుకుంటోంది. కొడుకు దయాకర్ జాతకం మీద ఆ అయ్యగారన్న మాట నిజంగా గుడి మెట్ల మీదే వదిలేసిందా? లేక బియ్యంలో పురుగులా ఎక్కడో లోపల దాగి, చేతిని ఆ మూడింటి మీదికే నడిపించిందా? వంటింటి లెక్కన చూస్తే ఏ తప్పూ లేదు. పంచాంగం లెక్కన చూస్తే తప్పు తప్ప ఏమీ లేదు. తన మనసు ఏ లెక్కన నడిచిందో తనకే ఒట్టేసి చెప్పుకోలేకపోతోంది.

"యాదికి రాలే," అంది చివరికి. "పొయ్యికాడ ఏం పనికొస్తదో గదే సూసిన. ఉప్పు సంగతి మా అమ్మ చిన్నప్పుడు చేతుల మీద కొట్టి నేర్పింది, అందుకే చెయ్యి ఆగింది. ఇనుము సంగతి ఎవలు కొట్టి నేర్పలే."

"శనివారం ఎందుకు వెళ్లారు?"

"నేను బుధవారం పోదామంటి. శనివారమైతే సెలవున్నది, బండి మీద తోలుకపోత అన్నడు దయాకర్. నీకు తెల్వదా?"

కింద సందులో కూరగాయల ఆటో మైకులో ఉల్లిగడ్డల ధర అరుస్తూ, కారు అడ్డంగా ఉన్నా పక్కనుంచి ఎలాగో దూరి పోయింది. తేజేష్ లేవబోయి, మళ్లీ కూచున్నాడు.

శారదమ్మకి అప్పుడు తట్టింది. ఇందాకట్నుంచీ తప్పు చేసినదానిలా నిలబడి జవాబులే చెబుతోంది. తను అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది.

"అయ్యగారు చెప్పిన మాట నీకెవలు చెప్పిన్రు బిడ్డా?"

"మా అమ్మ. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఫోన్లో."

"మీ అమ్మకెవలు చెప్పిన్రు?"

రాజశ్రీ ఆగింది. "నేను కాదు."

"నువ్వని అంటలేను."

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి. మీరు ముగ్గురే వెళ్లారు. నాకు అమ్మ చెబితేనే తెలిసింది."

శారదమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. మొగిలయ్య ఆ చూపుని ముప్పై ఏళ్లుగా ఎరుగును. రిమోటు పక్కన పెట్టేశాడు.

"నా దిక్కు సూడకు."

"మరి ఎవల దిక్కు సూడాలె? చాయ్ హోటల్ల కూసుంటే నీ కడుపుల మాట ఆగదు. మొన్న మన నల్లా బిల్లు సంగతి సుత వాడకట్టంత తెలిసింది."

"నల్లా బిల్లు ఏరే, ఇది ఏరే. కామరాజు బావతోని నేను మాట్లాడేదేంది? మోకాళ్ల నొప్పులు. ఆయన ఆయన మోకాళ్ల సంగతి చెప్తడు, నేను నా మోకాళ్ల సంగతి చెప్త. గంతే. శనిగిని మాట ఎత్తితే నా కళ్లు పోతయ్."

"వదినతోని?"

"ఆమెతోని నేనెప్పుడు మాట్లాడిననే. ఆమె ఫోనెత్తితే వదిన గారున్నారా అంటది, నీకిస్త."

అబద్ధమాడితే మొగిలయ్య చెవులు కదులుతాయి. శారదమ్మ చెవుల వైపు చూసింది. అవి కదల్లేదు.

గుడికి పోయింది ముగ్గురు. ఇద్దరు ఇక్కడే ఉన్నారు. మూడో పేరు ఆ గదిలో ఎవరి నోటికీ రాలేదు. ఓవర్‌టైం ఉందని పొద్దున్నే చర్లపల్లి ఫ్యాక్టరీకి పోయిన మనిషి పేరు అది.

శారదమ్మ గడప దాటింది. బుట్టని రెండు చేతులా ఎత్తి లోపలికి తెచ్చింది.

"ఏమే, లోపటికి తెస్తవేంది?" మొగిలయ్య కాళ్లు పైకి తీసుకున్నాడు.

"నా సామాను నా ఇంట్లకి తెచ్చుకుంటున్న. శని అయితే నాకే పట్టనియ్."

బుట్టని నడి ఇంట్లో దించి, చాప మీద కూచుని, నువ్వుల పొట్లం తీసింది. తీసి ఒక్క క్షణం చేతిలో బరువు చూసింది. మూతి విప్పి రాజశ్రీ వైపు చాచింది.

"నాలుగు నోట్ల ఏసుకో."

రాజశ్రీ కదల్లేదు. తేజేష్ "అక్కా" అన్నాడు సన్నగా. ఆ మాటలో వద్దన్నది వినిపించింది అందరికీ.

"ఈ ఇంట్ల నా చేతి కూడు తినబట్టి మూడేండ్లాయె," అంది శారదమ్మ. "ఎప్పుడన్న కడుపు నొచ్చిందా నీకు?"

రాజశ్రీ వంగి, నాలుగు గింజలు తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"వేయించినవి."

"దానమిచ్చే నువ్వులు ఎవలన్న ఏంచుతరా? పచ్చియి ఇస్తరు. నేలల ఏస్తే మొలవాలె అవి. ఏంచినయి పొడి కొట్టుకునేటందుకు ఇస్తరు. మీ అమ్మ వంకాయ కూరల నల్ల నువ్వుల పొడి వేస్తదని నువ్వే అంటివి. ఎండల కొత్తింట్ల పొయ్యి ముంగట నిలవడి ఏంచుకునుడెందుకని నేనే ఏంచి ఇచ్చిన."

రాజశ్రీ పళ్ల మధ్య గింజ ఇంకా నలుగుతూనే ఉంది. "ఈ తేడా అమ్మకి తెలియలేదేమో."

"మీ అమ్మకా?" శారదమ్మ నొచ్చుకున్నట్టు అంది. తనని తిట్టినా అంత నొచ్చుకునేది కాదేమో. "పొట్లం మూతి విప్పంగనే వాసనకి తెలుస్తది ఆమెకు. నాకన్న ముందు తెలుస్తది. వంట తెల్వని మనిషికి నేను ఇవి ఇయ్యకపోదును."

"విప్పలేదన్నారు కదా."

"అన్నడు మీ తమ్ముడు. నేను పొట్లానికి తెల్లదారం కట్టిన. దీనికి రబ్బరుబ్యాండ్ ఉన్నది. నిండా పోసిన. సగమున్నది."

తేజేష్ ఫోను వైపు చూసుకున్నాడు. అది మోగలేదు. "కారు తియ్యాలేమో చూసొస్తా," అని లేచాడు.

"ఎవలు హారన్ కొట్టలే బిడ్డా, కూసో." మొగిలయ్య ఈ మాట మెల్లగానే అన్నాడు. ఫ్యాక్టరీలో గేటు దగ్గర నిలబడి అన్న మాటలా ఉంది. తేజేష్ కూచున్నాడు.

పెనం బుట్ట అడుగున ఉంది. పంపినప్పుడు పాత నూలు తువ్వాలులో చుట్టి పంపింది. వచ్చింది పేపర్లో. శారదమ్మ పేపరు విప్పబోయి ఆగి, బుట్టని కోడలి వైపు జరిపింది.

"నువ్వే ఇప్పు. నేనిప్పితే నేనే ఏదో చేసిన అనుకుంటవ్."

రాజశ్రీ చాప మీద మోకాళ్ల మీద కూచుంది. పేపరు పొరలు ఒక్కొక్కటే తీసింది. నల్లగా నిగనిగలాడే పెనం. దాని అంచున, పిడి దగ్గర, గోరంత పచ్చటి చెక్కు అంటుకుని ఉంది. గీకింది. వేలి మీద పెట్టుకుని చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. శారదమ్మ ఇంట్లో పెసలు గుగ్గిళ్లకి నానబెడతారు తప్ప రుబ్బి పెనం మీద పోయరు.

"పెసరట్టు," అంది.

టీవీలో ఎవడో గొంతు లేకుండా నవ్వుతున్నాడు.

"తేజా."

"అక్కా, అమ్మ అసలే కంగారులో ఉంది. ఇంటికెళ్లాక..."

"ఇక్కడే చెప్పు. అమ్మ దీని మీద అట్లు పోసిందా?"

తేజేష్ చెవులెర్రబడ్డాయి. "ఆదివారం పోసింది. నాన్న నాలుగు తిన్నారు. ఎంత బాగా ఊడొస్తోందో చూడండని పక్కింటావిడని పిలిచి మరీ చూపించింది. సాయంత్రం మళ్లీ పోసింది."

శారదమ్మ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఇలాంటప్పుడు రావలసిన వెలుగు కాదది. కానీ వచ్చింది. పక్కింటావిడని పిలిచి చూపించిందట. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"మరి విప్పలేదని ఎందుకు చెప్పమంది?"

"నాకేం తెలుసు."

"నీకు తెలుసు. చిన్నప్పుడు ఫ్యూజు పీకేసినప్పుడూ ఇలాగే నేల వైపు చూసేవాడివి. శని సంగతి అమ్మకి ఎవరు చెప్పారు?"

"నన్నడగొద్దక్కా."

"ఎవర్నడగాలి?"

తేజేష్ పెనం వైపే చూశాడు. "బావని అడుగు," అన్నాడు.

మొగిలయ్య లేచి టీవీ ఆపేశాడు. రిమోటుతో కాదు, గోడ దగ్గరికి పోయి స్విచ్చు నొక్కాడు.

"గదేం మాట బాబూ," అంది శారదమ్మ. ఆమె గొంతు మారింది. ఇందాక తన మీద మోపిన నేరానికి కూడా ఆ గొంతు రాలేదు. "నా కొడుకు డ్యూటీ మీద ఉన్నడు. మిషన్ కాడ నిలవడి ఉన్నడు. ఆడు లేనప్పుడు ఆని పేరు తియ్యకు."

"నేను తియ్యలేదండి. అక్క అడిగింది."

రాజశ్రీ పెనాన్ని ఒళ్లోంచి కింద పెట్టింది. ఏదో లెక్క ఆమె లోపల ఒక్కొక్క అంకే చేరుకుంటోంది. అది ముఖంలో కనిపిస్తోంది.

"అత్తయ్యా, మీకొకటి చెప్పలేదు నేను. అమ్మవాళ్లు ఫ్లాటు కొన్నప్పుడే ఆయన అన్నారు. అదే బిల్డింగులో పైనది అద్దెకుంది, మనం వెళ్లిపోదాం అని. నీకు అమ్మ దగ్గరుంటుంది, నాకు చర్లపల్లి దగ్గరవుతుంది అన్నారు."

"నువ్వేమన్నవు?"

"రానన్నాను. మిమ్మల్నొదిలి నేను రాను, మీరు వెళ్లాలంటే మీ అమ్మకి మీరే చెప్పండి అన్నాను. తర్వాత ఆ మాట ఎత్తలేదు. అయిపోయిందనుకున్నాను. నేనే అలిగి వెళ్లిపోతే, మీకేం చెప్పకుండానే ఆయనా నా వెనక వచ్చెయ్యొచ్చు."

శారదమ్మ కోడలి వైపు చూసింది. కోడలి ఫోన్లో ఒకనాడు ఇళ్ల ఫొటోలు చూసి, వేరు కాపురానికి ఈ పిల్లే కొడుకు చెవి కొరుకుతోందని నిర్ధారణ చేసుకుంది. ఎండాకాలమంతా ఆ పిల్ల నవ్విన ప్రతి నవ్వునీ అనుమానంగానే చూసింది. గిన్నె జారి పడితే కావాలనే పడేసిందనుకుంది. ఆ ఫొటోలు ఎవరు పంపినవో అడగలేదు.

"నేను నిన్ను అనుకున్న," అంది.

"తెలుసు," అంది రాజశ్రీ.

మొగిలయ్య గోడ దగ్గరే నిలబడ్డాడు. "గట్లెందుకు చేస్తడే వాడు. పోవాలనుకుంటే చెప్పి పోతడు. నేను కాళ్లు పట్టుకుని ఆపుతనా?"

"నీకు చెప్తడు," అంది శారదమ్మ. "నాకు చెప్పలేడు. చిన్నప్పటికెల్లి అంతే. నా ముంగట కాదనలేడు, ఎనక మాత్రం చేసుకుంటడు." అని, అన్నందుకు తనే ఉలిక్కిపడినట్టు, "కాదు. కాదు. ఈ బాబు ఏదో తెల్వక అన్నడు. ఫోన్ జెయ్ బిడ్డా. నువ్వే జెయ్. డ్యూటీ మీద ఉన్న అంటడు చూడు," అంది.

"పొద్దున్నుంచీ నా ఫోను ఎత్తట్లేదు."

"నాది ఎత్తుతడు."

శారదమ్మ ఫోను ఫ్రిజ్ మీద ఉంది. రాజశ్రీ తెచ్చి, పేరు నొక్కి, స్పీకరు పెట్టి, చాప మీద ఇద్దరి మధ్యా ఉంచింది. మోగింది. ఇంకా మోగింది. తేజేష్ కళ్లు మూసుకున్నాడు. అది చూసిన మొగిలయ్యకి ఇక వినాల్సిన పని లేకపోయింది. ఆయన వంటింట్లోకి నడిచి, చేసేదేమీ లేక, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగకుండా పట్టుకున్నాడు.

"చెప్పే అమ్మా," అంది ఫోను.

"ఏడున్నవ్ బిడ్డా?"

"ఏడుంట. డ్యూటీల ఉన్న. లైన్ నడుస్తున్నది, జర తొందరగ చెప్పు. రాజశ్రీ పోయిందా నారపల్లికి?"

శారదమ్మ చెవి ఫోను దగ్గరికి వంచింది. ఫ్యాక్టరీల చప్పుడు ఆమెకి తెలుసు. పెళ్లయిన కొత్తలో మొగుడికి, తర్వాత కొడుకుకి, క్యారియర్ తీసుకుపోయి గేటు దగ్గర నిలబడ్డ మనిషి. ఫ్యాక్టరీలో మాట మీద మాట అరిస్తే గానీ వినబడదు. ఫోన్లో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తోంది. స్టీలు గరిటె స్టీలు గిన్నెకి తగిలిన చప్పుడు వినిపిస్తోంది.

"పోలే ఇంకా," అంది.

"ఎందుకు పోలే? తేజేష్ రాలేదా? ఎల్లగొట్టు అమ్మా దాన్ని, వాళ్ల నాన్నకి బాగలేదు కదా. నాలుగు రోజులుండి వస్తది. నువ్వేం మనసుల పెట్టుకోకు. వాళ్లేదో పాతకాలపు మనుషులు, శనీ గినీ అని..."

అప్పుడు అతని వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది. దగ్గరగా, తీయగా, వడ్డిస్తున్న మనిషి గొంతు.

"అల్లుడుగారూ, చెయ్యి కడిగేసుకోకండి, పెరుగన్నం కలుపుతున్నాను."

రాజశ్రీ ఫోను వైపు చెయ్యి చాపింది, కట్ చెయ్యడానికో, అరవడానికో. శారదమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకున్న చేతిని వదల్లేదు.

ఫోను అటువైపు గరిటె చప్పుడు ఆగిపోయింది. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

"తిను బిడ్డా," అంది శారదమ్మ. "వదిన పెరుగు మంచిగ తోడేస్తది. తిని, చెయ్యి కడుక్కొని, అప్పుడు చెప్పు. నేనీడనే కూసున్న."